డ్రైవర్ కొడితే బంతి కుడికి వంగిపోతోందా? ముందు గ్రిప్ మార్చు, స్వింగ్ తర్వాత

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మనది అనంతపురం, ఉద్యోగం బెంగళూరులో, గోల్ఫ్ మొదలుపెట్టి ఎనిమిది నెలలు అన్నావు. ఎనిమిదో నంబర్ ఐరన్ అనే పొట్టి గోల్ఫ్ కర్రతో (ఈ కర్రలనే క్లబ్ అంటాం) బంతి బాగానే పోతోంది. డ్రైవర్, అంటే అన్నిటికంటే దూరం కొట్టే పొడుగు క్లబ్, పట్టుకుంటే మాత్రం సగం దూరం తిన్నగా పోయి, అక్కడి నుంచి కుడికి తిరిగి చెట్లలో పడుతోంది. తోటివాళ్లు ఎడమకు గురిపెట్టమన్నారు, తల ఎత్తొద్దన్నారు, ఎడమచెయ్యి వంచొద్దన్నారు. మూడూ చేశావు, ఇంకా ఎక్కువైంది. కాలేజీలో క్రికెట్ బాగా ఆడేవాడివి. రెండు వారాలకోసారి ఇంటికొస్తావు, ఇక్కడ గోల్ఫ్ కోర్సు లేదు, ఇంటి దగ్గర ఏం సాధన చేయొచ్చు అని అడిగావు.

నేనూ ఈ జిల్లావాణ్ణే. బెంగళూరులో ఉద్యోగం చేసిన రోజుల్లో ఈ ఆట పట్టుకున్నాను, మొదటి ఆరేళ్లూ నీలాగే స్లైస్ కొట్టాను. స్లైస్ అంటే ఇట్లా కుడికి వంగిపోయే దెబ్బ. బంతి కుడికి పోతుంటే ఇంకొంచెం ఎడమకు తిరిగి నిలబడేవాణ్ణి. అది ఇంకా కుడికి వంగేది, నేను ఇంకా ఎడమకు తిరిగేవాణ్ణి. ఆరేళ్లు పోయాయి. నీకు ఆరేళ్లు పోకూడదని ఇంత పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు. నువ్వు కుడిచేతి వాటం అనుకొని రాస్తున్నాను. ఎడమచేతి వాటం వాళ్లు ఎవరైనా చదువుతుంటే అన్నీ తిరగేసుకోవాలి.

ముందు బంతి ఎందుకు వంగుతుందో మనసులో పడాలి. అది పడకపోతే ఎన్ని డ్రిల్స్ చేసినా వృథా. బంతికి క్లబ్ తగిలే క్షణంలో రెండు దిక్కులుంటాయి. ఒకటి క్లబ్ ఫేస్, అంటే బంతికి తగిలే ముఖం, ఎటు చూస్తోంది అన్నది, రెండోది క్లబ్ ఏ దారిలో పోతోంది అన్నది. బంతి ఎటు బయల్దేరాలో ఎక్కువగా తేల్చేది ఫేస్. డ్రైవర్ విషయంలో నూటికి ఎనభై పాళ్లకు పైగా ఫేస్ మాటే చెల్లుతుంది. బయల్దేరాక ఎటు వంగాలో తేల్చేది ఫేస్‌కూ దారికీ మధ్య ఉన్న తేడా. దారి కంటే ఫేస్ కుడికి చూస్తుంటే బంతి కుడికి వంగుతుంది, ఎడమకు చూస్తుంటే ఎడమకు వంగుతుంది. పాతకాలం పాఠాల్లో దీన్ని తలకిందులుగా చెప్పేవాళ్లు: బంతి దారి వెంబడి బయల్దేరి, ఫేస్ చూసిన వైపు పోయి ఆగుతుందని. 2000 తర్వాత బంతినీ క్లబ్‌నూ రాడార్‌తో కొలిచే యంత్రాలు వచ్చాక ఆ మాట తప్పని తేలింది. అయినా పాత పాఠం ఇంకా రేంజ్‌లో (బంతులు కొట్టి సాధన చేసే మైదానంలో) చెవిన పడుతూనే ఉంటుంది.

తిరిగే బంతి గాలిని ఒక పక్కకు నెడుతుంది, గాలి బంతిని రెండో పక్కకు నెడుతుంది. దీన్ని మాగ్నస్ ప్రభావం అంటారు. స్పిన్నర్ వేసిన బంతి పిచ్ తాకకముందే గాలిలో పక్కకు జరగడం నువ్వు క్రీజులో నిలబడి చూసే ఉంటావు, ఇదీ అదే. కొత్త బంతి సీమ్ వల్ల స్వింగ్ కావడం వేరే సంగతి, దాన్ని ఇక్కడికి తేవద్దు. గోల్ఫ్ బంతికి ఒక్క తిరుగుడే ఉంటుంది, వెనక్కి. దాని ఇరుసు కుడికి వాలితే, గద్ద ఒక రెక్క వాల్చి తిరిగినట్టు బంతి కుడికి తిరుగుతుంది.

ఇప్పుడు నీ ఐరన్ సంగతి. ఐరన్ బాగుంది, జబ్బు డ్రైవర్‌లోనే ఉంది అనుకుంటున్నావు. కాదు నాయనా, రెండింటికీ ఒకటే స్వింగ్. ఎనిమిదో నంబర్ ఐరన్ ఫేస్ బాగా పైకి చూస్తుంటుంది, అందుకే వెనక్కి తిరిగే స్పిన్ చాలా ఎక్కువ, ఇరుసు వాలేది కొంచెం. డ్రైవర్ ఫేస్ నిటారుగా ఉంటుంది, ఆ స్పిన్ తక్కువ, అదే తప్పుకు ఇరుసు చాలా వాలిపోతుంది. ఐరన్ దాచిపెట్టిన తప్పును డ్రైవర్ బయటపెడుతోంది. నీ ఐరన్ బంతులు ఎక్కడ పడుతున్నాయో ఒకసారి నిజాయితీగా గమనించు. జెండాకు కొంచెం ఎడమగా పడుతుంటే నేను చెప్పేది నీకు నూటికి నూరుపాళ్లు వర్తిస్తుంది.

ఎడమకు గురిపెట్టడం ఎందుకు పనిచేయలేదో కూడా ఇక్కడే ఉంది. కాళ్లూ భుజాలూ ఎడమకు తిప్పావు, దాంతో స్వింగ్ దారి ఎడమకు పోయింది. కానీ కళ్లు జెండా మీదే ఉన్నాయి, చేతులు ఫేస్‌ను జెండా వైపే పెట్టాయి. అంటే దారికీ ఫేస్‌కూ మధ్య సందు ఇంకా పెరిగింది. పెరిగినంతా వంకరే.

ఇక అసలు విషయం. స్లైస్ కొట్టేవాళ్లకు అందరూ చెప్పేది 'బయటి నుంచి లోపలికి కొడుతున్నావు, లోపలి నుంచి బయటికి కొట్టు' అని. బయటంటే బంతికి అవతలి పక్క, లోపలంటే నీ కాళ్ల పక్క. మాట నిజమే, కానీ దాన్ని ముందు పట్టుకుంటే ఓడిపోతావు. ఎందుకంటే ఆ అడ్డదారిని నీ శరీరం కావాలని ఎంచుకుంది. ఫేస్ కుడికి తెరిచి ఉంది, బంతి కుడికి పోతోంది. నాలుగు బంతులు కుడికి పోయేసరికి మనం చెప్పకుండానే చేతులు బంతిని ఎడమకు లాగడం మొదలుపెడతాయి. ఫేస్ తెరిచి ఉండగా దారి ఒక్కటీ సరిచేశావనుకో, బంతి కుడికి బయల్దేరి ఇంకా కుడికి వంగుతుంది. అది చూసిన శరీరం రెండో రోజుకే పాత దారికి వచ్చేస్తుంది. నా ఆరేళ్లలో నాలుగేళ్లు ఇట్లాగే పోయాయి. అందుకని ముందు ఫేస్. అది మూసుకోవడం, అంటే మళ్లీ ఎడమకు తిరగడం, నేర్చుకుంటే దారి సగం దానంతట అదే దిద్దుకుంటుంది.

ఫేస్ అంటే గ్రిప్. అద్దం ముందు నిలబడి పట్టుకో. ఎడమచేతిలో క్లబ్ అరచేతి మధ్య పడుకోకూడదు, వేళ్ల మొదళ్లలో పడుకోవాలి. చిటికెనవేలి కింద నుంచి చూపుడువేలి మధ్య కణుపు దాకా వాలుగా. పై నుంచి కిందికి చూసుకుంటే ఎడమచేతి పిడికిలి మీద కనీసం రెండున్నర కణుపులు కనబడాలి. నీకు ఇప్పుడు ఒకటో ఒకటిన్నరో కనబడుతుంటాయి. మూడు కనబడినా ఇప్పటికి తప్పు లేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఏర్పడే మడత నీ గడ్డం వైపు కాకుండా కుడి భుజం వైపు చూడాలి. కుడిచేతి మడతా అంతే. కుడి అరచేయి ఆకాశం చూసేంత కిందికి జారనివ్వద్దు, పై నుంచి అదిమినట్టూ పెట్టొద్దు. టెన్నిస్‌లో ఫోర్‌హ్యాండ్ కొట్టేటప్పుడు అరచేయి ఎటు ఉంటుందో అట్లా.

ఇది మొదటి రోజు చాలా ఇబ్బందిగా ఉంటుంది. క్లబ్ ఎవరో వేరేవాళ్లదేమో అనిపిస్తుంది. ఇబ్బందిగా లేకపోతే నువ్వు మార్చనట్టే లెక్క.

పట్టు ఎంత గట్టిగా ఉండాలో మన పొలంలోనే చూపిస్తాను. చెనక్కాయ చెట్టు పీకేటప్పుడు ఎట్లా పట్టుకుంటాం? వేళ్లతో మొదలు పట్టుకొని, జారనివ్వకుండా, అట్లాగని నలపకుండా. ఎక్కువ బిగిస్తే కొమ్మ తెగి కాయలు మట్టిలోనే ఉండిపోతాయి. క్లబ్ పట్టూ అంతే. మోచేతి కింది కండరాలు బిగుసుకుంటే ముంజేతులు తిరగవు. తిరగకపోతే ఫేస్ మూసుకోదు. ఇక్కడొక చిన్న మాట: మన ఎండలో చెమటకు గ్రిప్ జారుతుంది, జారుతుందని బిగిస్తాం, బిగిస్తే స్లైస్. రబ్బరు నున్నగా అరిగి మెరుస్తుంటే మార్పించు. అరగకపోతే సబ్బునీళ్లతో తోమి నీడలో ఆరబెట్టు. రెండో చేతిగుడ్డ ఒకటి బ్యాగులో ఉంచుకో.

బెన్ హోగన్ లాంటి పాతకాలపు పెద్ద గోల్ఫ్ ఆటగాడి పటాలు చూసి ఆయన గ్రిప్‌ను నకలు చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. హోగన్ బాధ మన బాధకు ఎదురుది. ఆయన బంతి ఎడమకు వంగి పోయేది, ఆ హుక్ తగ్గించుకోవడానికే చేతులు ఎడమకు తిప్పుకున్నాడు. స్లైస్ ఉన్నవాడు ఆ గ్రిప్ పట్టుకుంటే జ్వరం ఉన్నవాడు ఎండలో నిలబడ్డట్టే.

నీ క్రికెట్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే నీ స్లైస్‌లో దానికి వాటా ఉంది. స్ట్రెయిట్ డ్రైవ్ నేర్పేటప్పుడు ఏం చెబుతారు? మోచేయి పైకి, బ్యాట్ నిటారుగా, బ్యాట్ ముఖం బౌలర్‌నే ఎంతసేపు చూస్తే అంత మంచిది. మణికట్టు తిప్పితే కోచ్ తిడతాడు. గోల్ఫ్ క్లబ్ అట్లాంటిది కాదు. దాని తల కర్రకు ఒక పక్కకు అతికి ఉంటుంది, అందుకే స్వింగ్‌లో అది తెరుచుకొని మళ్లీ మూసుకోవాలి. బ్యాక్‌స్వింగ్‌లో చేతులు నడుము ఎత్తుకు వచ్చినప్పుడు క్లబ్ తల కొన (కర్రకు దూరంగా ఉండే చివర) ఆకాశం వైపు చూస్తుంది. కొట్టాక రెండో పక్క నడుము ఎత్తుకు వచ్చినప్పుడు కూడా కొన ఆకాశం వైపే చూడాలి. మధ్యలో తిరగడం జరిగితేనే ఇది వీలవుతుంది. నీ వీడియో చూస్తే కొట్టాక ఫేస్ ఆకాశం చూస్తూ, ఎడమ మోచేయి బయటికి రెక్కలా పొడుచుకొని కనబడుతుందని నా అంచనా. అది క్రికెట్ చెయ్యి. చిన్నప్పటి నుంచి ఒంటికి పట్టిన అలవాటు అది, నెల రోజుల్లో పోదు. కానీ పోతుంది.

దానికి ఒక సాధన. ఎనిమిదో నంబర్ ఐరన్ తీసుకో. రెండు చేతుల మధ్య మూడు వేళ్ల ఎడం వదిలి పట్టుకో. నడుము నుంచి నడుము దాకా మాత్రమే ఊపు. చేతులు విడిగా ఉంటే కుడిచెయ్యి ఎడమచేతి మీదుగా తిరగడం నీకే తెలుస్తుంది. బంతి లేకుండా ముప్పై, తర్వాత మామూలుగా పట్టుకొని బంతితో ఇరవై. ఇంకొకటి, క్లబ్‌ను రొమ్ము ఎత్తులో అడ్డంగా, కంకులు కోస్తున్నట్టు నేలకు సమంగా ఊపు. అట్లా ఊపేటప్పుడు ఎవరికీ స్లైస్ చెయ్యి రాదు, ముంజేతులు వాటంతట అవే తిరుగుతాయి. పది ఊపి, పది సార్లకు కొంచెం కొంచెం కిందికి దించుకుంటూ నేల దాకా రా. ఆ తిరుగుడును కిందికి తీసుకురావడమే దీని పని.

రెండు మూడు వారాలు ఇది చేశాక బంతి ఎడమకు పోవడం మొదలవుతుంది. తిన్నగా ఎడమకు. ఒక్కోసారి ఎడమకు బయల్దేరి ఇంకా ఎడమకు. ఇక్కడే వందలో తొంభై మంది భయపడి పాత గ్రిప్‌కు పోతారు. పోవద్దు తమ్ముడూ, చేతులెత్తి దండం పెట్టి చెబుతున్నాను, పోవద్దు. ఎడమకు పోతున్న బంతే నీ మందు పనిచేస్తోందన్న గుర్తు. ఫేస్ ఇప్పుడు దారిని కలిసింది, దారి ఇంకా ఎడమకే ఉంది, అంతే. ఇప్పుడు నీ శరీరానికి బంతిని ఎడమకు లాగాల్సిన అవసరం తీరిపోయింది. ఇప్పుడే దారి దిద్దుకోవాలి.

దారికి మూలం దిగే క్షణంలో ఉంది. పైన క్లబ్ ఆగిన చోటు నుంచి కుడి భుజం ముందుకు తోసుకొస్తే క్లబ్ బయటికి పడి బంతిని అడ్డంగా కోస్తుంది. టెన్నిస్‌లో స్లైస్ అనే మాట వచ్చింది ఇదే కోతకు. ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) మైదానంలో పిల్లలు టెన్నిస్ ఆడుతుంటే చూడు, రాకెట్ ఫేస్ తెరిచి బంతి కింద అడ్డంగా కోస్తారు. అక్కడ అది విద్య, ఇక్కడ మనకు జబ్బు.

దీనికి నాకు పనికొచ్చిన పోలిక ఒకటే. బుక్కరాయసముద్రం చెరువు గట్టున నిలబడి పెంకు విసిరి నీళ్ల మీద గంతులు వేయించినవాళ్లం కదా మనం. భుజం మీద నుంచి విసిరితే పెంకు బుడుంగున మునిగిపోతుంది. కుడి మోచేయి నడుము పక్కకు తెచ్చి, ఒళ్లు కొంచెం వాల్చి, ఎడమ కాలి మీదకు బరువు వేస్తూ పక్క నుంచి విసరాలి. అప్పుడే గంతులేస్తుంది. గోల్ఫ్‌లో కుడిచేయి చేయాల్సింది అదే. ఎడమ తుంటి ముందు కదలాలి, వీపు ఇంకా లక్ష్యం వైపే ఉండాలి, కుడి మోచేయి తుంటి ముందుకు దిగాలి, ఆఖర్న భుజాలు తిరగాలి. నిజంగా చెరువు గట్టుకు పోయి ఇరవై పెంకులు విసిరి రా. నవ్వులాట కాదు, కొట్టే ముందు నేను ఇప్పటికీ కుడిచేత్తో ఉత్తినే ఒకసారి విసిరి చూసుకుంటాను.

దారి చెడడానికి ఇంకో కారణం నిలబడేటప్పుడే ఉంటుంది, చాలామంది పట్టించుకోరు. డ్రైవర్‌కు బంతి ఎడమ మడమకు ఎదురుగా ఉంటుంది. కుడిచెయ్యి క్లబ్ మీద కింద ఉంటుంది. దాన్ని అంత ముందున్న బంతి దాకా చాచేసరికి కుడి భుజం ముందుకు వచ్చి భుజాల గీత ఎడమకు తిరిగిపోతుంది. కాళ్లు సరిగ్గానే ఉన్నాయి కదా అనుకుంటాం. నిలబడ్డాక క్లబ్‌ను రెండు భుజాలకూ ఆనించి అడ్డంగా పట్టుకొని అది ఎటు చూపుతోందో చూడు. ఎడమకు చూపితే కుడి భుజాన్ని కిందికీ వెనక్కీ దించు. బంతి ఎడమ కాలి బొటనవేలికి బయట ఉంటే రెండంగుళాలు లోపలికి తెచ్చుకో.

ఇంటి దగ్గర సాధన గురించి. ఆర్డీటీ వాళ్ల స్పోర్ట్స్ విలేజ్‌లో క్రికెట్, హాకీ, ఫుట్‌బాల్, టెన్నిస్ అన్నీ ఉన్నాయి. మన ఆటకు మాత్రం హైవే ఎక్కి బెంగళూరు వైపే పోవాలి. కర్నూలు వాళ్లకు హైదరాబాద్ ఎంతో మనకు బెంగళూరు అంత, ఇంచుమించు రెండు వందల కిలోమీటర్లు. కానీ స్లైస్ పోగొట్టుకోవడానికి ముప్పావు వంతు పని చేలోనే చేసుకోవచ్చు. నేను అట్లాగే చేశాను.

కార్తీకం దాటితే చెనక్కాయ పీకేసి ఉంటారు, ఎర్రమట్టి చేను ఖాళీగా ఉంటుంది. అక్కడ చదునుగా ఉన్న చోట ముగ్గుపిండితో లక్ష్యం వైపు ఒక గీత గీయి. పాత ఐరన్ ఒకటి, కొత్తది వద్దు, మట్టికి పాడవుతుంది. గీత మీద బంతి లేకుండా ఊపి నేలను కొంచెం గీరు. గీరిన గుర్తు గీతకు అవతల మొదలై నీ కాళ్ల వైపు ముగిస్తే అడ్డంగా కోస్తున్నావు. గీత వెంబడి ఉంటే బాగుంది. నీ కాళ్ల వైపు మొదలై అవతలికి దాటితే ఇప్పటికి ఇంకా మంచిది. ఏ యంత్రం లేకుండా దారి కనబడుతుంది, పైగా ప్రతి ఊపుకూ కొత్త గుర్తు. వాన పడి ఆరిన మర్నాడు నేల మెత్తగా ఉంటుంది, ఆ రోజు వదులుకోకు. గట్టి నేల మీద గట్టిగా కొట్టి మణికట్టు పోగొట్టుకోవద్దు. బంతి కొట్టాల్సి వస్తే కింద కొబ్బరిపీచు పట్ట వేసుకో.

ఆ పట్టకు చిన్న రంధ్రం చేసి, డ్రిప్పు పైపు ముక్క రెండున్నర అంగుళాలు కోసి కింద నుంచి పైకి దూర్చు. అదే నీ టీ, అంటే బంతిని నేలకు ఎత్తుగా నిలబెట్టే మేకు. మన నేలలో చెక్క టీలు దిగవు, విరిగిపోతాయి. పదహారు మిల్లీమీటర్ల పైపు మీద బంతి కదలకుండా కూచుంటుంది, మన ఊళ్లలో ఏ తోట గట్టున చూసినా ముక్కలు దొరుకుతాయి. బంతి సగం డ్రైవర్ తల పైఅంచుకు పైన కనబడేంత ఎత్తు ఉంచు.

నెట్ గురించి జాగ్రత్త. క్రికెట్ నెట్ ఉంది కదా అని కట్టుకోవద్దు. గోల్ఫ్ బంతి వ్యాసం 42.67 మిల్లీమీటర్లు, క్రికెట్ నెట్ గళ్లలోంచి చాలావాటిలో దూరిపోతుంది. గళ్లు కొలిచి చూసుకో. గోల్ఫ్ నెట్ కొనలేకపోతే పాత జంపఖానా గానీ మందపాటి దుప్పటి గానీ రెండు పొరలుగా, బిగించకుండా, కింది భాగం వదులుగా వేలాడేలా కట్టు. బిగించి కడితే బంతి తిరిగి నీ మొహం మీదికే వస్తుంది. వెనక మనుషులు, పశువులు, దారి లేకుండా చూసుకో. ఖాళీ చేనే కదా అని డ్రైవర్‌తో నిజమైన బంతులు బయటికి కొట్టకు. పక్క చేలో కలుపు తీసే ఆడవాళ్లుంటారు, గొర్రెలు మేస్తుంటాయి, స్లైస్ బంతి ఎక్కడ పడుతుందో నీకే తెలీదు.

నెట్‌లో వంకర కనబడదు, బయల్దేరిన దిక్కు మాత్రం కనబడుతుంది. అది చాలు, ఎందుకంటే దిక్కు చెప్పేది ఫేస్ అనుకున్నాం కదా. పది అడుగుల దూరంలో దుప్పటి మీద లక్ష్యానికి ఎదురుగా ఎర్ర గుడ్డ పీలిక కుట్టు. బంతి దానికి రెండంగుళాలు పక్కకు తగిలితే ఒక డిగ్రీ పక్కకు బయల్దేరినట్టు. చిన్నదే అనిపిస్తుంది. 200 గజాల దగ్గరికి పోయేసరికి ఆ ఒక్క డిగ్రీ మూడున్నర గజాలవుతుంది, వంకర దానికి అదనం. వంకర చూడాలనుకుంటే నురుగు బంతులు దొరుకుతాయి, తేలిగ్గా ఉంటాయి, చేలో భయం లేకుండా కొట్టుకోవచ్చు, వంకర వాటిలోనూ తెలుస్తుంది.

అడ్డదారి ఆపడానికి ఖాళీ బిస్కెట్ల అట్టపెట్టె చాలు. బంతికి అవతల నాలుగు వేళ్ల ఎడంలో, జానెడు వెనక పెట్టు. బయటి నుంచి దిగితే క్లబ్ పెట్టెను కొడుతుంది, లోపలి నుంచి వస్తే తగలదు. ఇటుక, రాయి పెట్టొద్దు. కుడి పాదాన్ని అరడుగు వెనక్కి లాగి నిలబడి కొట్టడం కూడా మంచి సాధన. లోపలి నుంచి రావడానికి దారి ఖాళీ అవుతుంది. సగం బలంతో, మొదట ఐరన్, తర్వాత హైబ్రిడ్ (ఐరన్‌కూ డ్రైవర్‌కూ మధ్య రకం), ఆఖర్న డ్రైవర్. డ్రైవర్‌తో మొదలుపెడితే పాత చెయ్యే వస్తుంది.

గాలి సంగతి నువ్వు అడగలేదు, కానీ మన ఊరికి ఇది ముఖ్యం. ఆషాఢం గాలి ఎట్లా ఉంటుందో చెప్పక్కర్లేదు, రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఎదురుగాలిలో బంతి మీదుగా గాలి ఇంకా వేగంగా పోతుంది, స్పిన్ ప్రభావం పెరుగుతుంది, ఉన్న స్లైస్ రెండింతలు కనబడుతుంది. వెనక గాలిలో దాక్కుంటుంది. ఆ గాలి పడమటి నుంచి వచ్చేది కాబట్టి అప్పుడు పడమర వైపు కొట్టి ఏడవొద్దు, తూర్పు వైపు కొట్టి తగ్గిందని సంబరపడొద్దు. మార్గశిరం నుంచి మాఘం దాకా పొద్దున్నే గాలి నిలిచి ఉంటుంది, అప్పుడు చూసిందే లెక్కలోకి తీసుకో.

ఇంకొక్క కారణం ఉంది, ఇది లెక్కలోకి రాకపోతే పైవన్నీ సరిచేసినా స్లైస్ మిగిలే ఉంటుంది. బంతి ఫేస్‌లో ఎక్కడ తగులుతోంది? డ్రైవర్ ఫేస్ కొంచెం ఉబ్బుగా ఉంటుంది. కర్ర వైపు, అంటే మడమ వైపు తగిలితే తల మెలితిరిగి బంతికి కుడికి వంగే స్పిన్ ఇస్తుంది. కొన వైపు తగిలితే ఎడమకు. దారి, ఫేస్ రెండూ బాగున్నా మడమ మీద తగిలిన బంతి కుడికే వంగుతుంది. సుద్దముక్క తడిపి ఫేస్ మీద పూసి ఐదు బంతులు కొట్టి గుర్తులు చూడు. మడమ వైపే పడుతుంటే బంతికి అరంగుళం దూరంగా జరుగు, దిగేటప్పుడు బరువు కాలివేళ్ల మీదికి పడుతోందేమో చూసుకో. అడ్డంగా కోసేవాళ్లకు మడమ దెబ్బ తరచూ ఉంటుంది, రెండు జబ్బులూ కలిసే వస్తాయి.

నీ డ్రైవర్ గురించి. సెకండ్ హ్యాండ్‌లో 9 డిగ్రీల లాఫ్ట్ (ఫేస్ పైకి వాలిన కోణం), స్టిఫ్ షాఫ్ట్ (తక్కువ వంగే కర్ర) తీసుకున్నానన్నావు. ఎనిమిది నెలల ఆటకు అది తగిన క్లబ్ కాదు. లాఫ్ట్ తక్కువైతే వంకర ఎక్కువ. 10.5 డిగ్రీలు, వీలైతే 12 డిగ్రీలది, రెగ్యులర్ షాఫ్ట్‌తో చూసుకో. తల, షాఫ్ట్ కలిసే చోట తిప్పి లాఫ్ట్ మార్చే వీలుంటే పెంచుకో, చాలావాటిలో లాఫ్ట్ పెంచితే ఫేస్ కూడా కొంచెం మూసుకుంటుంది. డ్రా బయాస్ అని మడమ వైపు బరువు పెట్టినవి అమ్ముతారు, అవి కొంచెం సాయపడతాయి, గ్రిప్ మార్చకుండా వాటి మీద డబ్బు పెట్టొద్దు. కొనేదాకా డ్రైవర్ పక్కన పెట్టి టీ నుంచి 5 నంబర్ వుడ్‌తో (డ్రైవర్ కంటే పొట్టిగా, లాఫ్ట్ ఎక్కువగా ఉండే క్లబ్‌తో) కొట్టు. దూరం తగ్గుతుందని దిగులొద్దు. బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ టోక్యో ఒలింపిక్స్‌లో, అవి 2021లో జరిగాయి, తనతో ఆడినవాళ్ల కంటే చాలా తక్కువ దూరం కొడుతూ ఒక్క స్ట్రోక్‌తో పతకం పోగొట్టుకొని నాలుగో స్థానంలో నిలిచింది. బంతి ఫెయిర్‌వేలో, అంటే గడ్డి పొట్టిగా కత్తిరించిన దారిలో, ఉంటే ఏం చేయొచ్చో అక్కడ చూశాం.

నీకు చెప్పిన మిగతా రెండు సలహాలు. 'తల ఎత్తొద్దు' అని బంతి పోయాక కూడా గడ్డం రొమ్ముకు అదిమి ఉంచితే ఒళ్లు తిరగదు, చేతులే అడ్డంగా లాగుతాయి. బంతి తగిలాక తలను ఒంటితో పాటు తిరగనివ్వు. 'ఎడమచెయ్యి వంచొద్దు' అన్నదీ అంతే, కర్రలా బిగించాల్సిన పని లేదు, చాచి ఉంటే చాలు.

పూర్తిగా తిన్నగా కొట్టాలని కూడా పట్టుబట్టకు. జాక్ నిక్లాస్, లీ ట్రెవినో లాంటి పేరున్న ఆటగాళ్లు ఎక్కువగా బంతిని కొద్దిగా కుడికి వంచే కొట్టారు, దాన్ని ఫేడ్ అంటారు. వాళ్లకు ఎంత వంగుతుందో ముందే తెలుసు, తేడా అదే. నలభై గజాలు వంగేది పదికి దిగితే దాన్ని అట్లాగే ఉంచుకొని ఆడుకోవచ్చు.

నాకు గ్రిప్ కుదరడానికి నెల, బంతి ఎడమకు పోయిన దశ మరో నెలన్నర, దారి కుదరడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. రోజుకు ఇరవై నిమిషాలు చొప్పున, ఆదివారం రేంజ్. నీకు బెంగళూరులో వారం మధ్యలో రేంజ్‌కు పోయే వీలుంటే ఇంకా తొందరగా అవుతుంది. మారుతున్న ఈ నెలల్లో స్కోరు రాసుకోకు. ఆట ఉంటే టీ గుర్తుల మధ్య కుడి చివర బంతి పెట్టి ఎడమ సగం వైపు చూడు, అప్పుడు వంగడానికి ఫెయిర్‌వే అంతా ఉంటుంది. బయటికి పోయిందేమో అనిపిస్తే వెంటనే ప్రొవిజనల్ బంతి, అంటే మొదటిది దొరక్కపోతే ఆడుకునే రెండో బంతి, కొట్టు, వెతకడానికి మూడు నిమిషాలే ఉంటాయి, 2019కి ముందు ఐదుండేవి.

ఈసారి ఇంటికొచ్చినప్పుడు రెండు వీడియోలు తీసి పెట్టు. ఒకటి నీ వెనక నుంచి లక్ష్యం వైపు, ఫోను నీ చేతుల ఎత్తులో, చేతుల గీతలో ఉండాలి. పక్కకు జరిపి తీస్తే దారి అబద్ధం చెబుతుంది. రెండోది ఎదురుగా, గ్రిప్ దగ్గరగా కనబడేలా. ఐరన్‌తో ఐదు, డ్రైవర్‌తో ఐదు. ఒక్కో బంతి ఎటు బయల్దేరింది, ఎటు వంగింది అన్నవి విడివిడిగా రాయి. 'కుడికి పోయింది' అని రాస్తే నేనేమీ చెప్పలేను.